ముప్పు తొలగిందన్న కబురు ఒంటికి చేరాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. జరిగినదాని గురించి మాట్లాడటం అయిపోయింది, అర్థం చేసుకోవడమూ అయిపోయింది, అయినా ఒళ్ళు మాట వినడం లేదు. అందువల్ల ఈసారి శరీరం ద్వారా సాగే ట్రామా (దారుణమైన అనుభవం మిగిల్చే మానసిక గాయం) చికిత్సల గురించిన ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, రాసినవారిని గుర్తుపట్టగల వివరాలు తీసివేశాను.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం నేను నడుపుతున్న కారును కుడివైపు నుంచి లారీ ఢీకొట్టింది. గాయాలు మానాయి. జరిగినదంతా ఇప్పుడు తడబడకుండా చెప్పగలను. కానీ కూడలిలో కుడివైపు నుంచి పెద్ద బండి వస్తే చాలు, నేను వెనక సీట్లో కూర్చుని ఉన్నా కుడికాలు బిగుసుకుపోతుంది, అరచేతులకు చెమట పడుతుంది. కౌన్సెలింగ్‌కు వెళితే ఆవిడ ప్రమాదం గురించి అడగడం మానేసి, “ఇప్పుడు మీ కాలిలో ఏం తెలుస్తోంది?” అని అడుగుతున్నారు. మనసు బాగుచేసుకుందామని వెళ్ళినవాణ్ణి, కాలి సంగతి చెబుతూ కూర్చోవడమేమిటి? ఇందులో శాస్త్రం ఏమైనా ఉందా?

జవాబు: వెనక సీట్లో కూర్చున్న మనిషి కుడికాలు బిగదీసి నేలకేసి అదుముతున్నాడంటే, ఆ కాలు చేస్తున్న పనికి మనందరికీ తెలిసిన పేరే ఉంది. అది బ్రేకు తొక్కుతోంది. మీ ముందు బ్రేకు లేదనీ, బండి నడుపుతున్నది మీరు కాదనీ, ఆ లారీ మిమ్మల్ని దాటి దాని దారిన అది పోతోందనీ మీకు తెలుసు. మీ కాలికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు. మీ కౌన్సెలర్ మాట్లాడుతున్నది, ఆ కబురు ఇంకా అందని ఆ కాలితో.

ఆపద ఎదురైనప్పుడు ఒళ్ళు పోరాటానికో పరుగుకో సిద్ధపడుతుందని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం పుంజుకుంటుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది. ఇదంతా మనం ఆలోచించి చేసేది కాదు, ఆలోచన మొదలయ్యేలోపే జరిగిపోతుంది. ముప్పు తప్పగానే ఈ సన్నాహమంతా మామూలుగా సద్దుమణుగుతుంది. “అమ్మయ్య” అంటూ మనం వదిలే పెద్ద ఊపిరి అందుకు గుర్తు. కొందరిలో, కొన్ని ఘటనల తరువాత, ఆ సద్దుమణగడం సరిగా జరగదు. ఆ క్షణాన కంటబడినవీ చెవినబడినవీ, అంటే కుడివైపు నుంచి మీద పడుతున్న పెద్ద ఆకారం, ఇంజను రొద వంటివి, మెదడులో ముఖ్యంగా అమిగ్డలా అనే భాగం సాయంతో ఆపదకు సంకేతాలుగా నాటుకుపోతాయి. వాటిలో ఏ ఒక్కటి మళ్ళీ ఎదురైనా సన్నాహం మొదటి నుంచీ మొదలవుతుంది.

మీరు తడబడకుండా చెప్పగలిగే కథ ఒక రకం జ్ఞాపకం, ఒళ్ళు మాటల్లేకుండా నేర్చుకున్నది ఇంకో రకం. సైకిలు మీద పడిపోకుండా ఎలా నిలబడతారో మాటల్లో చెప్పమంటే ఎవరైనా తడుముకుంటారు, ఎక్కి కూర్చుంటే మాత్రం ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. ఈ రెండు జ్ఞాపకాల్లో ఒకటి నయమైనంత మాత్రాన రెండోది నయమవ్వాలని లేదు. 1996లో పరిశోధకుడు స్కాట్ రౌష్ బృందం పీటీఎస్‌డీ (దారుణమైన ఘటన తరువాత దాని భయం వదలకుండా వేధించే మానసిక రుగ్మత) ఉన్న 8 మందికి వారివారి అనుభవాల కథనాలను వినిపిస్తూ మెదడు స్కాన్లు తీసినప్పుడు, భావోద్వేగాలతో సంబంధమున్న భాగాలు చురుకెక్కాయి, మాటను కూర్చే బ్రోకా ప్రాంతంలో చురుకుదనం తగ్గింది. ఎనిమిది మందితో చేసిన పరిశీలన మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు గానీ, భయంతో “నోట మాట రాలేదు” అనడం ఉత్త అలంకారం కాదని మాత్రం అది సూచిస్తుంది.

అనుభవం ఒంట్లో మిగిలిపోతుందన్న ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. దారుణమైన అనుభవాలు మామూలు స్పృహ నుంచి విడివడి, కదలికలుగా, ఒంటి బాధలుగా తిరిగి వస్తాయని ఫ్రెంచి వైద్యుడు పియర్ జానే 1889 నాటికే రాశాడు. ఫ్రాయిడ్ శిష్యుల్లో ఒకడైన విల్హెల్మ్ రైక్ 1930లలో, అణచిపెట్టిన ఉద్వేగం కండరాల బిగువుగా, ఒక కవచంలా పేరుకుంటుందన్నాడు. ఆయన ఆ తరువాత విశ్వశక్తి అంటూ చేసిన వాదనలు సైన్సు దారి తప్పాయి, ఈ రంగం మీద చాలామందికి ఇప్పటికీ ఉన్న అపనమ్మకంలో వాటి వాటా కొంత ఉంది. ఇప్పుడు ఈ రంగంలో ఎక్కువగా వినబడే చికిత్సా పద్ధతులు పీటర్ లెవీన్ రూపొందించిన సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్, పాట్ ఆగ్డెన్ రూపొందించిన సెన్సరీమోటార్ సైకోథెరపీ. మీ కౌన్సెలర్ అడుగుతున్న ప్రశ్న ఈ రెండింటిలోనూ తరచుగా వినిపించేదే.

ఆ ప్రశ్న తరువాత ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పినట్లు లేదు. మీరు కూడలిని ఒక్క క్షణం తలచుకుంటారు, పిక్క బిగుసుకోవడం మొదలవుతుంది. అక్కడితో ప్రమాదం కథ ఆపేస్తారు. పిక్కలో మొదలైన బిగువు మోకాలి దాకా వస్తోందా, తొడ దాకా పాకుతోందా అని గమనిస్తారు. ఆ కాలు ఏం చేయాలనుకుంటోందో అది చేయనివ్వమంటారు: పాదాన్ని నేలకేసి, నింపాదిగా, మామూలుగా చేసే దానికి పదోవంతు వేగంతో అదమడం, వీపు కుర్చీకి ఆనుకోవడం, చివరిదాకా తొక్కి ఆగడం. ఆ తరువాత కాలిని వదిలేసి గది చుట్టూ చూస్తారు. అప్పుడు కాలు కాస్త వణకవచ్చు, వెచ్చబడవచ్చు, పెద్ద ఊపిరి ఒకటి రావచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా. మళ్ళీ కొంచెం బిగువు దగ్గరికి, మళ్ళీ కొంచెం వెలుపలికి. ఒక గంటలో మీరు ప్రమాదం గురించి మాట్లాడింది నాలుగైదు వాక్యాలే కావచ్చు. బయటినుంచి చూసేవారికి ఇది మరీ చప్పగా ఉంటుంది. చప్పగా ఉండటమే సరైన లక్షణమని నా అభిప్రాయం. గుండెలు పగిలేలా ఏడిస్తేనో, గట్టిగా అరిస్తేనో లోపలిదంతా బయటికి పోతుందన్నది పాత నమ్మకం. తట్టుకోలేనంత ఉద్వేగంలోకి మనిషిని మళ్ళీ నెట్టడం చికిత్స కాదు, అది ఆ ప్రమాదాన్ని మరోసారి తెచ్చిపెట్టడం.

వచ్చే వారాలలో కూడళ్ళ దగ్గర మీ కాలి తీరు మారిందో లేదో మీరే ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్ళండి. రెండు మూడు నెలల్లో ఏ మార్పూ లేకపోతే ఆవిడను సూటిగా అడగండి.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం బాగా తెలిసిన మనిషే నా మీద లైంగిక దాడి చేశాడు. నేను అరవలేదు, తొయ్యలేదు, కొయ్యబొమ్మలా ఉండిపోయాను. “ఎందుకు అరవలేదు?” అని ఇంట్లో అడిగారు. వాళ్ళు అడగడం మానేశారు, నేను నన్ను అడగడం మానలేకపోతున్నాను.

జవాబు: మీరు వాడిన మాటే జవాబు చెబుతోందమ్మా. కొయ్యబారిపోవడం, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం, నోరు పెగలకపోవడం అని ఎన్నో మాటలు మన భాషలో ఉన్నాయంటే, మనుషులకు ఇలా జరుగుతుందని ముందుతరాలకు బాగా తెలుసునన్నమాట. పోరాటానికీ పరుగుకీ దారి లేదని నాడీవ్యవస్థ లెక్కగట్టినప్పుడు మూడో స్పందన ఒకటి ఉంటుంది. జంతువుల్లోనూ కనబడే ఆ స్థితిని టానిక్ ఇమ్మొబిలిటీ అంటారు. స్పృహ ఉంటుంది, జరుగుతున్నది తెలుస్తుంటుంది, ఒళ్ళు మాత్రం కదలదు. స్వీడన్‌లో అత్యాచారం తరువాత అత్యవసర వైద్య కేంద్రానికి వచ్చిన 298 మంది స్త్రీలను ప్రశ్నించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో 70 శాతం మంది ఈ స్థితిని గణనీయంగా, 48 శాతం మంది తీవ్రంగా అనుభవించినట్లు తేలింది. అలా అయినవారిలో ఆరు నెలల తరువాత పీటీఎస్‌డీ, తీవ్రమైన డిప్రెషన్ ఎక్కువగా కనిపించాయి కూడా. కాబట్టి మీరు అరవకపోవడం మీరు తీసుకున్న నిర్ణయం కాదు, సమ్మతి అంతకన్నా కాదు. “ఎందుకు అరవలేదు” అని అడగడం, మూర్ఛ వచ్చి పడిపోయినవారిని “ఎందుకు నిలబడలేదు” అని అడగడం వంటిది.

ఈ మాట తెలుసుకోవడం వల్ల కొంత బరువు దిగుతుంది. మిగిలిన బరువు తరచుగా ఒంట్లో ఉంటుంది: ఎవరైనా కాస్త దగ్గరగా వచ్చి నిలబడితే భుజాలు ముడుచుకుపోవడం, మాట్లాడబోతే గొంతుకు ఏదో అడ్డుపడటం, మనిషి ఎక్కడో దూరాన ఉండి తనను తాను చూసుకుంటున్నట్లు అనిపించడం. శరీరంతో పనిచేసే థెరపిస్టు ఇక్కడ చాలా చిన్నవాటితో మొదలుపెడతారు. ఉదాహరణకు మీరు కూర్చున్న కుర్చీకీ ఆవిడ కుర్చీకీ మధ్య ఎంత దూరం ఉంటే మీకు ఊపిరి తేలిగ్గా ఆడుతుందో మీరే చెబుతారు, ఆవిడ కుర్చీ జరుపుతారు. చాలాకాలంగా మీ మాటకు ఎదుటి మనిషి వెనక్కి జరగడమన్నది జరగలేదేమో. ఒక్క కుర్చీ అడుగు వెనక్కి జరిగినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళుంటారు. ఆ తరువాత ఎప్పటికో రెండు అరచేతులూ దిండు మీద ఆనించి మెల్లగా ముందుకు నెట్టడం వస్తుంది. ఆనాడు చేతులు చేయలేకపోయిన పనిని, ఏ ఆపదా లేని గదిలో, ఇష్టమైనంత మేరకే చేయడం అది. దాడి చేసిన మనిషిని ఊహించుకుని కొట్టమనీ తిట్టమనీ మొదటి వారాల్లోనే ప్రోత్సహించేవారి దగ్గరికి వెళ్ళకండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇవేవీ ముందు కాదు, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి.

ప్రశ్న: మనసు కుదుటపడాలంటే కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించమని అందరూ చెబుతారు. నేను అలా కూర్చుంటే రెండు నిమిషాల్లో గుండె దడ మొదలవుతుంది, పారిపోవాలనిపిస్తుంది. చిన్నప్పుడు ఇంట్లో రోజూ దెబ్బలు తిన్నవాణ్ణి. అందరికీ మేలు చేసేది నాకే ఎందుకు పడటం లేదు?

జవాబు: మీకొక్కరికే కాదు. ఏళ్ళ తరబడి భయంలో పెరిగినవారికి గుండె చప్పుడూ ఊపిరి వేగమూ మామూలు సమాచారం కావు, తలుపు అవతల అడుగుల చప్పుడుతో పాటు మొదలైన అపాయ సూచనలు. మీరు కళ్ళు మూసుకోగానే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: కాపలా కాసే కళ్ళు కాపలా మానేస్తాయి, దృష్టి అంతా ఆ సూచనల మీదికే మళ్ళుతుంది. ఒంటి లోపలి కబుర్లను మెదడు పసిగట్టే తీరును ఇంటరోసెప్షన్ అంటారు, అందులో ఇన్సులా అనే భాగానిది ముఖ్యమైన పాత్ర. ట్రామా తరువాత ఈ పసిగట్టడం కొందరిలో అతిగా, కొందరిలో దాదాపు శూన్యంగా మారుతుంది. ఈ రెండో రకంవారు “ఒంట్లో ఏం తెలుస్తోంది?” అంటే “ఏమీ లేదు” అంటారు, ఆ ఏమీ లేకపోవడం కూడా ఒక జవాబే.

మనిషి ఉద్వేగాన్ని తట్టుకుంటూ, అదే సమయంలో ఆలోచించగలిగే ఒక పరిధి ఉంటుందని అమెరికన్ మనోవైద్యుడు డేనియల్ సీగెల్ 1999లో చెప్పాడు. ‘విండో ఆఫ్ టాలరెన్స్’ అంటూ ట్రామా చికిత్స చేసేవారు రోజూ వాడే మాట అది. చిన్ననాటి నుంచి దెబ్బలు తిన్నవారిలో ఆ పరిధి చాలా ఇరుకుగా ఉంటుంది. ఒకవైపు కొంచెం దాటితే దడ, మరోవైపు దాటితే మొద్దుబారడం. చికిత్సలో చాలా భాగం ఆ పరిధిని వెడల్పు చేయడమే, అది దాన్ని దూకి దాటడం వల్ల జరగదు, లోపలే ఉండి అంచు దాకా వెళ్ళి వెనక్కి రావడం వల్ల జరుగుతుంది.

కాబట్టి ఊపిరిని ప్రస్తుతానికి వదిలేయండి. కళ్ళు తెరిచే ఉంచండి, వీపు వెనక గోడ ఉండేలా కూర్చోండి. తలను మెల్లగా, మెడ తిరగడం తెలిసేలా తిప్పుతూ గదిలో తలుపు ఎక్కడుందో, కిటికీ ఎక్కడుందో, వెలుతురు ఏ వస్తువు మీద పడుతోందో చూడండి. కొత్త చోటికి వెళ్ళిన ఏ జంతువైనా ముందు చేసే పని ఇదే. ఆ తరువాత ఒంట్లో మీకు ఏ బాధా లేని చోటు ఒకటి వెతకండి. అది మోచేయి కావచ్చు, చెవి తమ్మె కావచ్చు, నేలకు ఆనిన మడమ కావచ్చు. అక్కడ పది క్షణాలు ఉండి, మళ్ళీ కిటికీ వైపు చూడండి. కూర్చోవడమే కష్టమైతే నడవండి, పాదం నేలను తాకడం గమనిస్తూ నడవడమూ ఇదే పని. ఎప్పటికైనా ఊపిరి దగ్గరికి వస్తే వదిలే ఊపిరి నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ 11వ కూర్పు, 2022 నుంచి అమల్లో ఉన్నది, ఇలా దీర్ఘకాలం హింసకు గురైనవారిలో కనిపించే స్థితిని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని వేరుగా గుర్తించింది. దాన్ని తెలిసిన నిపుణుల దగ్గర పరీక్ష చేయించుకోవడం మీకు అవసరం. పత్రికలో చదివి ఇంట్లో చేసుకునే సాధనతో తీరే పని కాదిది.

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. ఇలాంటి చికిత్సలకు ఆధారాలు లేవని, వాటి జోలికి వెళ్ళవద్దని అంటోంది. మీరేమంటారు?

జవాబు: మీ అమ్మాయి సగం సరిగా చెప్పింది, ఆ సగాన్ని తేలిగ్గా తీసుకోకండి. పెద్దవారిలో పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన మానసిక చికిత్సల్లో ముఖ్యమైనవి ట్రామా మీద కేంద్రీకరించిన సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకునే చికిత్స), ఫ్రాన్సీన్ షపీరో 1989లో ప్రచురించిన ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ బాధాకరమైన జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స). ఈఎండీఆర్‌లో కళ్ళ కదలిక ఉంది గనుక అదీ శరీర చికిత్సే అనేవారున్నారు, అందులో పనిచేసేది కళ్ళ కదలికా లేక జ్ఞాపకాన్ని నిలకడగా ఎదుర్కోవడమా అన్న వాదన ఇంకా తెగలేదు. ఏదేమైనా దాని వెనకున్నన్ని పరిశోధనలు సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ వెనక లేవు.

లేవంటే అసలే లేవని కాదు. 2017లో ఇజ్రాయెల్ పరిశోధకులు 63 మందితో ప్రచురించిన అధ్యయనంలో, 15 వారాల సోమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ తీసుకున్నవారికి పీటీఎస్‌డీ, డిప్రెషన్ లక్షణాలు బాగా తగ్గాయి. అయితే వారిని పోల్చింది చికిత్స కోసం ఇంకా ఎదురుచూస్తున్నవారితో, మరో చికిత్స తీసుకున్నవారితో కాదు. ఆ తేడా మీ అమ్మాయికి వెంటనే తెలుస్తుంది. 2014లో ట్రామా పరిశోధకుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం, ఇతర చికిత్సలకు లొంగని దీర్ఘకాల పీటీఎస్‌డీ ఉన్న 64 మంది స్త్రీలతో పనిచేసింది. పది వారాలు, వారానికి ఒక గంట యోగా చేసినవారిలో 52 శాతం మంది, ఆరోగ్య పాఠాలు విన్నవారిలో 21 శాతం మంది పీటీఎస్‌డీ నిర్ధారణ నుంచి బయటపడ్డారు. చిన్న అధ్యయనమే, కానీ ఆశ పెట్టుకోదగిన ఫలితం. ఇక భయం, భద్రతల స్పందనలను వేగస్ నాడితో వివరిస్తూ స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించిన పాలీవేగల్ సిద్ధాంతాన్ని ఈ రంగంలో చాలామంది వేదవాక్యంలా వల్లిస్తారు. అందులో వేగస్ నాడి పరిణామం గురించి చెప్పిన అంశాలను శరీరధర్మ శాస్త్రజ్ఞులు కొందరు గట్టిగా కాదంటున్నారు. ఒక చికిత్స పనిచేయవచ్చు, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పే కథ తప్పు కావచ్చు. వైద్యంలో ఇలా జరగడం కొత్త కాదు.

నేనైతే ముందు బాగా రుజువైన చికిత్సనే సూచిస్తాను. దాన్ని తట్టుకోలేక మధ్యలో మానేసినవారికీ, అది పూర్తయ్యాక కూడా ఒంట్లో ఏదో మిగిలిపోయినవారికీ శరీరంతో చేసే పనిని జోడిస్తాను. మూడు సెషన్లలో నయం చేస్తామనే ప్రకటన ఏ చికిత్సదైనా నమ్మను.

ప్రశ్న: ఎప్పటినుంచో నాకు మెడనొప్పి ఉంది. ఒక శిబిరంలో, “మీ మెడ చిన్ననాటి లైంగిక హింసను దాచుకుంది” అన్నారు. నాకు అలాంటిదేదీ గుర్తు లేదు. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళ ముఖాలు చూడాలంటేనే మనసు రావడం లేదు.

జవాబు: మెడనొప్పిని బట్టి ఎవరి బాల్యాన్నీ చదవలేరు. శరీరం గుర్తుపెట్టుకుంటుందన్న మాటకు అర్థం, భయపడినప్పుడు నేర్చుకున్న స్పందనలు మిగిలిపోతాయని. జరిగినదంతా చిత్రంలా కండరంలో భద్రంగా ఉంటుందని కాదు. సూచనలతో జ్ఞాపకాలు పుట్టించడం ఎంత తేలికో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లోఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ 1995లో చూపించారు. చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారని 24 మందికి జరగని కథ చెబితే, వారిలో సుమారు పావువంతు మంది అది కొంతైనా గుర్తుకొచ్చిందన్నారు. నిజంగా జరిగినవాటిని కొందరు ఏళ్ళ తరబడి మరిచిపోయి మళ్ళీ గుర్తు తెచ్చుకోవడమూ ఉంది, దాన్ని నేను తోసిపుచ్చడం లేదు. అది ఎవరో మెడ చూసి చెప్పడం వల్ల తేలే సంగతి మాత్రం కాదు. మెడను ముందు డాక్టరుకు చూపించండి. ఆ శిబిరానికి మళ్ళీ వెళ్ళకండి. ఈ అనుమానం నిద్ర పట్టనివ్వకపోతే, మీ మెడ మీద ఏ సిద్ధాంతమూ లేని థెరపిస్టుతో దాని గురించే మాట్లాడండి.

ప్రశ్న: ఇలాంటి థెరపిస్టులు ఒంటిని తాకుతారా? మంచివారిని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ఎక్కువమంది అసలు తాకరు. తాకే పద్ధతులూ ఉన్నాయి; అప్పుడు ఎందుకో, ఎక్కడో, ఎంతసేపో ముందే చెప్పి, ప్రతిసారీ అడిగి, దుస్తుల మీదనే, భుజం మీదో అరికాలి కింద ఆసరాగానో చేయి ఉంచుతారు. లైంగికంగా తోచే ఏ స్పర్శకూ ఏ పద్ధతిలోనూ చోటు లేదు, అలా జరిగితే అది చికిత్స కాదు, నేరం. మానసిక చికిత్సలో గుర్తింపు పొందిన చదువు, ఆ పైన ట్రామాలో శిక్షణ, తమ కేసులను సీనియర్లతో చర్చించుకునే అలవాటు ఉన్నాయేమో నిస్సంకోచంగా అడగండి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నవారిని వదిలేయండి. తరువాత మొదటి సెషన్‌లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. కళ్ళు మూసుకోమన్నప్పుడో, ఇంకేదో చేయమన్నప్పుడో “ఇప్పుడు వద్దండీ” అని చూడండి. “సరే, తెరిచే ఉంచండి” అని వెంటనే అన్నారా, లేక ఎందుకు మంచిదో మీకు నచ్చజెప్పడం మొదలుపెట్టారా? రెండోదైతే ఆ సెషన్‌కు డబ్బు చెల్లించి, తరువాతి అపాయింట్‌మెంట్ తీసుకోకుండా వచ్చేయండి.